పిచ్చాసుపత్రి కథలలో తిరుగుబాటు ఎవరిది?

మన కథలయందును, చలనచిత్రములయందును పిచ్చాసుపత్రి రెండే రీతుల ప్రవేశించుచున్నది. ఒకటి నవ్వించుటకు, రెండవది భయపెట్టుటకు. నవ్వించునపుడు తలపై తట్ట బోర్లించుకొని తాను చక్రవర్తినని చెప్పుకొను రోగియు, వానిని తరుముకొనివచ్చు బంట్రోతులును కానవత్తురు. భయపెట్టునపుడు ఇనుపతలుపులును, కరెంటు పెట్టు బల్లయు, క్రూరుడైన పెద్ద వైద్యుడును కానవత్తురు. ఈ రెండవ తీరు కథలో నాయకుడు తరచుగా పిచ్చివాడు కాడు. ఆస్తికొరకో, పగచేతనో పరులు వానిని లోపలికి త్రోయింతురు. అతడు "నేను పిచ్చివాడను కాను" అని కేకలు వేయును. తుదకు తలుపులు బ్రద్దలుకొట్టుకొని వెలికి వచ్చును. మనము చప్పట్లు కొట్టుదుము.

ఆ చప్పట్లకు అర్థమేమని మేము చదువరుల నడుగుచున్నాము. నాయకుడు వెలికి వచ్చినాడు, సంతోషమే. నిన్నటివరకు వానితోడ అదే గదిలో నేలపై పండుకొన్న తక్కినవారి మాట యేమి? వారు నిజముగా రోగులు గనుక వారిని కట్టివేయవచ్చునా? కొట్టవచ్చునా? కథకుడీ ప్రశ్న వేయడు. అంతటితో పోయినను బాగుండెడిది. "మంచి బుద్ధి గలవానిని బంధించుట అన్యాయము" అని అతడెంత గట్టిగా చాటునో, "బుద్ధి చెడినవానిని బంధించుట న్యాయమే" యను మాటను అంత మెల్లగా మన చెవిలో వేసి పోవుచున్నాడు. అధికారముపై తిరుగుబాటను పేర ఇట్టి కథలు నేర్పుచున్నది అధికారమునకు లొంగుబాటే యని మా యభిప్రాయము.

ఈ యభిప్రాయము మాకు పుస్తకములవలన మాత్రమే కలిగినది కాదు. మేము నివసించు భావనపాడు శ్రీకాకుళము జిల్లాలో సముద్రపుటొడ్డున నున్న చేపల రేవు. కొన్ని యేండ్ల క్రిందట ఇచ్చట ఒక పడుచువానికి నిద్ర తప్పినది. ఎవరును లేని చోట ఎవరితోడనో మాటలాడ నారంభించెను. గాలి సోకినదని కొందరనిరి. సోదె చెప్పించిరి, తాయెత్తు కట్టించిరి. తగ్గకపోగా వాడు రాత్రివేళ సముద్రములోనికి నడచిపోవుట మొదలుపెట్టెను. అప్పుడు ఇంటివారు పడవ మోకుతో వానిని పందిటి గుంజకు కట్టివైచిరి. పట్టణమునకు తీసికొనిపొండని చెప్పుటకు మేము పోయినపుడు వాని తల్లి యన్న మాట మే మిప్పటికిని మరువలేదు. "ఆ పిచ్చాసుపత్రి మేం సినేమాలో సూసినాం బాబూ. కరెంటెట్టి మనిసిని మొద్దు సేసేత్తారు. నా బిడ్డ నా కాడే ఉంటాడు" అన్నది.

ఆ తల్లిని మూఢురాలని యెవరనగలరు? ఆమె చూచినదే చెప్పినది. కథ చూపినదే ఆమె చూచినది. ఆసుపత్రి యధికారముపై తిరుగుబాటు చేసితినని ఒక కథకుడెక్కడనో గర్వించుచుండగా, ఆ తిరుగుబాటు ఫలము భావనపాటిలో ఒక పడుచువాని మణికట్టుపై మోకు రాపిడియై తేలినది. ఇందువలన కథకులు నోరు మూసికొనవలెననుట మా తాత్పర్యము కాదు. తిరుగుబాటు వలసినదే. అది యెవరిపై, ఎవరికొరకు, ఎవరి నోట అనునదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పిన కథ పాతదే. 1892వ సంవత్సరమున విజయనగరములో గురజాడవారి కన్యాశుల్కము తొలిసారి రంగమెక్కినది. అదే సంవత్సరమున రష్యా దేశమున చెహోవు "ఆరవ నంబరు వార్డు" అను పెద్ద కథను ప్రకటించెను. అందొక చిన్న పట్టణపు ఆసుపత్రిలో పిచ్చివారిని పెట్టు కొట్టమున్నది. నికీత యను కావలివాడు పిడికిళ్లతో అచ్చట క్రమశిక్షణ నడపుచుండును. రాగిన్ అను వైద్యుడు ఇదంతయు నెరిగియు, సుఖదుఃఖములు మనస్సులోనివే గాని వెలుపలివి కావను వేదాంతము చెప్పుకొనుచు చల్లగా ఇంట కూర్చుండి పుస్తకములు చదువుకొనును. గ్రోమొవ్ అను చదువుకొన్న రోగి యొకడు వాని వేదాంతమును ముఖముమీదనే తుత్తునియలు చేయును. నొప్పికి కేక వేయుటయు, నీచత్వమునకు కోపించుటయు జీవించుట యగునని వాదించును. ఆ రోగితో మాటలాడుట మరిగిన వైద్యునకు మతి చలించినదని సహోద్యోగులు నిర్ణయించి, ఉపాయముగా ఆ వార్డులోనికే పిలుచుకొనిపోయి తలుపు మూసివేయుదురు. నికీత పిడికిలి వైద్యునకును తగులును. మరునాడు అతడు మరణించును.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. గ్రోమొవ్ మంచి బుద్ధి గలవాడని చెహోవు ఎచ్చటను చెప్పలేదు. తన్నెవరో పట్టుకొనిపోవుదురను భయము వానికి నిజమైన రోగమే. ఆ రోగముతోడనే అతడు సత్యము పలుకును. రోగి యగుటవలన వాని మాట విలువ తగ్గదు. ఇది నిజమైన తిరుగుబాటు. వైద్యుడైన చెహోవు తన వృత్తివారినే బోనెక్కించెను గాని, వైద్యమును దూషింపలేదు. వైద్యము చేయక వేదాంతము చెప్పుటను దూషించెను.

అమెరికాదేశీయుడు కెన్ కేసీ 1962లో ప్రకటించిన "వన్ ఫ్లూ ఓవర్ ది కకూస్ నెస్ట్" అను నవల ఈ జాతి కథలలో లోకప్రసిద్ధము. రచయిత యుద్ధసైనికుల ఆసుపత్రియొకదానిలో రాత్రివేళ పరిచారకుడుగా పనిచేసినవాడు. నవలలో మక్‌మర్ఫీ అనువాడు ఖైదీల పొలములో చాకిరి తప్పించుకొనుటకు పిచ్చి నటించి ఆసుపత్రిలో చేరును. అచ్చట రాచెడ్ అను పెద్ద నర్సు చల్లని చిరునవ్వుతో రోగుల నొకరిపై నొకరిని ఎగద్రోసి వార్డు నేలుచుండును. మక్‌మర్ఫీ ఆమె నెదిరించును. తుదకు వాని మెదడుకు కోతపెట్టి వానిని కదలని మొద్దుగా చేయుదురు. అట్టి కోతను కనిపెట్టిన పోర్చుగలు వైద్యునకు 1949లో నోబెల్ బహుమానము వచ్చినదన్న మాట తలచుకొన్నపుడు రచయిత కోపము అకారణము కాదని తెలియగలదు.

కాని ఆ నవలలో కథ చెప్పువాడు మక్‌మర్ఫీ కాడు. చెవిటిమూగవానివలె నటించు బ్రామ్డెన్ అను నిజమైన రోగి. గదులలో పొగమంచు క్రమ్ముటయు, గోడలలో యంత్రములు తిరుగుటయు అతడు చూచుచుండును. ఆ భ్రమలనుండియే వార్డు నిజరూపమును మనకు చూపును. తుదకు తలుపు దాటి పోవువాడును అతడే. 1975లో ఈ నవల చలనచిత్రమై ఐదు ప్రధానమైన ఆస్కారు బహుమానములు పొందినది. ఆ చిత్రమున కథ చెప్పు పని బ్రామ్డెను చేతినుండి పోయినది. కెమెరా మక్‌మర్ఫీని వెంబడించినది. రోగి చూపు పోయి, రోగుల మధ్య నిలిచిన ఆరోగ్యవంతుని చూపు మిగిలినది. మన దేశమునకు వచ్చినది ఆ చూపే.

ఆ నవలలో మరియొక రహస్యము కలదు. అచ్చటి రోగులలో పెక్కుమంది బలవంతముగా తేబడినవారు కారు. తామే చేరినవారు, కోరినచో పోగలవారు. మక్‌మర్ఫీ ఈ మాట విని నివ్వెరపోవును. వారిని నిలిపినది తాళము కాదు, బయటి లోకపు భయము. తమను చూచి నవ్వు వీధియు, తమను దాచు ఇల్లును వారి కావలివాండ్రు. ఈ భాగమును మన అనుకరణకారులు ఏల విడిచిరి? ఆసుపత్రిని దూషించిన ప్రేక్షకునకు సుఖముగా నుండును. ప్రేక్షకుని ఇంటిని దూషించిన సుఖముగా నుండదు.

ఇక మన చిత్రములకు వత్తము. 1960లో గుత్తా రామినీడుగారి దర్శకత్వమున వచ్చిన "చివరకు మిగిలేది" బంగాళీ చిత్రమునకు తెలుగు రూపము; బుచ్చిబాబుగారి నవలతో దానికి పేరులోనే పోలిక. అందు సావిత్రిగారు మానసిక చికిత్సాలయమున నర్సు. ప్రేమలో భంగపడి మతిచెడిన రోగికి ప్రేమ నటించి స్వస్థత చేకూర్చుమని పెద్ద వైద్యుడామెను నియోగించును. రోగులు బాగుపడి పోవుదురు. నటనను నటనగా నిలుపుకొనలేక ఆమెయే మతిచెడి అదే ఆసుపత్రిలో రోగి యగును. ఆమె నటనను మెచ్చని తెలుగువారు లేరు, మేమును మెచ్చినాము. కాని ఒక స్త్రీ హృదయమును మందుగా వాడుటకు ఆ వైద్యునకు అధికార మెవరిచ్చిరని అడిగినవారిని మేము చూడలేదు. దానిని త్యాగమన్నాము. వితంతువు కష్టమును త్యాగమన్న నోటితోడనే దీనిని కూడ త్యాగమన్నాము. అమెరికా కథలో నర్సు రాక్షసి, మన కథలో నర్సు దేవత. రెండింటను ఆమె వెనుక నిలిచిన పద్ధతి తప్పించుకొన్నది.

1986లో మలయాళమున వచ్చిన "తాళవట్టం" కేసీ కథనుండి పుట్టినది. అందు ఆసుపత్రి యధిపతి నాయకునిపై పగబట్టుటకు ముఖ్యకారణము తన కూతురు వానిని ప్రేమించుట. పద్ధతికి తగులవలసిన దెబ్బ ఒక తండ్రి కోపమునకు తగిలినది. తమిళ "సేతు"కు తెలుగు రూపమై 2002లో వచ్చిన "శేషు"లో నాయకుడు తలకు దెబ్బతగిలి మతిచెడును. సంకెలలు వేయు చోటికి పంపబడును. వానికి బుద్ధి తిరిగి వచ్చినపుడు మన గుండె కొట్టుకొనును. ఆ సంకెల అన్యాయమని అప్పుడు మనకు తోచును. బుద్ధి రాకముందు వాని కాలికున్నది అదే సంకెల గదా! చుట్టును కూర్చున్నవారి కాళ్లకున్నవియు అవే గదా! వారు కథకు గోడలు, గుంజలు మాత్రమే.

మన ఉత్తరాంధ్ర కథకులకు సంస్థల నెదిరించుట తెలియనిది కాదు. రావిశాస్త్రిగారు న్యాయస్థానములను, పోలీసు ఠాణాలను బోనెక్కించిరి. కాళీపట్నము రామారావుగారు "యజ్ఞము"లో ఊరి పెద్దల ధర్మనిర్ణయమునే విచారణకు పెట్టిరి. వారి నాయకులు సాక్షాత్తు పేదలు, అప్పులవారు. పేదవాడు నిజముగా ధనవంతుడనియు, పొరపాటున అప్పుల పాలైనాడనియు చెప్పి వారు మన జాలిని సంపాదింపలేదు. రోగి విషయమున మాత్రము మన కథకు లీ నీతి నేల మరచిరి?

దీనికి రెండు ఆక్షేపణలు వినబడును. మొదటిది: "రోగి తన మేలు తానెరుగడు. వాని మాటకు విలువ యిచ్చిన వైద్యమెట్లు సాగును?" రోగికి తన మేలు తెలియని దినములు కలవని మే మొప్పుకొందుము. సముద్రములోనికి నడచిపోవువానిని ఆపవలసినదే. ఆపుట వేరు, నోరు నొక్కుట వేరు. ఈ భేదమును మన కథలకంటె మన చట్టమే ముందుగా గ్రహించినది. 1912 నాటి చట్టమునకు పేరే పిచ్చివారి చట్టము. దాని స్థానమున వచ్చిన 1987 నాటి చట్టము మానసిక ఆరోగ్యమను పేరు దాల్చినది. 2017లో పుట్టి 2018లో అమలులోనికి వచ్చిన చట్టము రోగికి హక్కులున్నవని స్పష్టముగా పలికినది. తనకు ఎట్టి చికిత్స కావలెనో, ఎట్టిది వలదో రోగి ముందుగా వ్రాసి యుంచవచ్చును. తన పక్షమున మాటలాడువానిని తానే ఎన్నుకొనవచ్చును. తానుగా ఒప్పుకొనలేని స్థితిలో చేర్చుకొన్నను తొలిసారి 30 దినములకు మించరాదు. అన్యాయమైనచో విచారణ మండలికి చెప్పుకొనవచ్చును. సంకెల నిషిద్ధము. మత్తుమందును, కండరములను సడలించు మందును ఇయ్యక కరెంటు చికిత్స చేయుట నిషిద్ధము. బలవంతముగా తల గొరుగుట నిషిద్ధము.

ఈ కడపటి మాటయొద్ద సంస్కారప్రియులైన మా చదువరులు క్షణకాలము నిలువవలెను. వితంతువుల శిరోముండనమును మాన్పించుటకు మన తాతలు, ముత్తాతలు పోరాడిరి. 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. ఆ మంగలికత్తి మన యిండ్లనుండి వెడలినది. అది ఆసుపత్రి గదులలో మరికొంతకాలము నిలిచినది గనుకనే దానిని పేరుపెట్టి నిషేధింపవలసి వచ్చినది. వితంతువునకు చెప్పిన కారణమే రోగికిని చెప్పుదురు: శుభ్రత, క్రమము, నీ మేలు.

రెండవ ఆక్షేపణ: "కథ కథయే గాని ఆసుపత్రి నివేదిక కాదు." నిజమే. కథ నివేదిక కాదు గనుకనే అది భావనపాడు వరకు నడచి వచ్చును. పైన చెప్పిన చట్టము ఆ తల్లి చెవికి చేరలేదు, చిత్రము చేరినది. మత్తు నిచ్చి చేయు కరెంటు చికిత్స తీవ్రమైన దిగులురోగమున ప్రాణములు నిలుపుచున్నది. ఇప్పటికిని దానిని శిక్షగా మాత్రమే చూపు కథకుడు తిరుగుబాటుదారుడు కాడు. అరువది యేండ్ల వెనుకటి వార్తను నేటి వార్తగా అమ్ముకొనువాడు.

ఆసుపత్రికి పోకుండుటయే స్వేచ్ఛ యనుకొనువారు 2001 ఆగస్టు 6వ తేదీని మరువరాదు. తమిళనాట రామనాథపురము జిల్లాలోని ఏర్వాడిలో దర్గా మహిమచే స్వస్థత కలుగునని బంధువులు తెచ్చి విడిచిన రోగులను పాకలలో సంకెలలతో కట్టియుంచిరి. తెల్లవారుజామున నిప్పంటుకొన్నది. పారిపోలేక 28 మంది మరణించిరి. అది ఆసుపత్రి కాదు. అచ్చట రాచెడ్ వంటి నర్సు లేదు. అధికారమునకు తెల్లకోటు అక్కరలేదు; తాయెత్తుతోడను, బంధుప్రేమతోడను అది రాగలదు. మన కథలలో ఆ అధికారముపై తిరుగుబాటు ఎక్కడ?

కథకు మించిన సంగతి మన విశాఖపట్టణముననే జరిగినది. 2020 ఏప్రిలులో, మహమ్మారి దినములలో, నర్సీపట్నము ప్రభుత్వాసుపత్రిలో మత్తువైద్యుడైన డాక్టరు సుధాకర్ వైద్యులకు చాలినన్ని మాస్కులు లేవని బహిరంగముగా చెప్పి ఉద్యోగమునుండి సస్పెండు చేయబడెను. మే 16వ తేదీన విశాఖ రహదారిపై పోలీసులు వానిని పట్టుకొనిరి. మద్యము సేవించి అల్లరి చేసెనని వారి వాదము. చేతులు వెనుకకు విరిచి కట్టిన దృశ్యమును దేశమంతయు చూచెను. పిమ్మట ఆయన మానసిక వైద్యశాలలో చేర్పబడెను. హైకోర్టు ఈ వ్యవహారముపై సి.బి.ఐ. విచారణకు ఉత్తరువు చేసెను. జూను నెలలో ఆయన వెలికి వచ్చెను. 2021 మే నెలలో మరణించెను.

ఆ దినములలో మేము పోయిన ప్రతి యింటను ఒకటే ప్రశ్న విన్నాము: "ఆయనకు నిజముగా పిచ్చియా, కాదా?" మంచివారు, చదువుకొన్నవారు, ఆయనయందు జాలి గలవారు అడిగిన ప్రశ్నయే యిది. పిచ్చి కాదని తేలినచో అన్యాయము, అవునని తేలినచో న్యాయము అన్నట్లు! ఆయనకు రోగము లేకున్న చేతులు కట్టుట తప్పు. రోగమున్నచో మరింత తప్పు. రోగికి వలసినది కట్టు కాదు, చికిత్స. ఇంత చిన్నమాట మనకు తోచకపోవుటకు కారణమేమి? అర్ధశతాబ్దికి పైగా "నేను పిచ్చివాడను కాను" అను కేకయే న్యాయపు కేక యని మన కథలు మనకు నేర్పినవి. "నేను రోగినే. అయినను నన్ను కొట్టుటకు నీవెవడవు?" అను కేకను అవి మనకు వినిపింపలేదు.

మా భావనపాటి పడుచువాని మాట ముగింపవలసి యున్నది. ఎట్టకేలకు తల్లి యొప్పుకొన్నది. నౌపడా స్టేషనులో రైలెక్కించి వాని మేనమామ ఒక పట్టణమునకు తీసికొనిపోయెను. ఏ పట్టణమో, ఏ యాసుపత్రియో చెప్పము. వాడు కొన్ని వారములకు తిరిగివచ్చెను. మందులు పనిచేసినవి, నిద్ర వచ్చినది, మాటలు నిలిచినవి. ఇప్పుడు వలలు బాగుచేయుచు, వేటకు పోవుచున్నాడు. ఒకనాడు రేవులో కూర్చుండి మాతో నిట్లనెను: "ఎవులూ కొట్టనేదు బాబూ. మందులు మంచివే ఇచ్చినారు. కానీ తల గొరిగినారు. ఎందుకని అడిగినాను. నువ్వూరుకో అన్నారు. ఏటి అడగాలన్నా మా మావనే అడిగినారు గానీ, నన్నడగనేదు."

ఇదియే మేము వెదకుచున్న కథ. ఇందు విద్యుద్ఘాతము లేదు, విరిగిన తలుపు లేదు, క్రూరుడైన అధిపతి లేడు. మేలు చేసిన చోటనే జరిగిన చిన్న యవమానము, దానికి రోగి వేసిన "ఎందుకు?" అను ప్రశ్న మాత్రమే కలదు. ఆ ప్రశ్నను వాడు ఆరోగ్యవంతుడైన పిమ్మట వేసినది కాదు. రోగిగా ఆ బల్లపై కూర్చుండి వేసినది. దానికి సమాధానము చెప్పని దినమున ఆసుపత్రి వైద్యశాల కాక కొట్టమగును. దానికి సమాధానము చెప్పు దినమున భావనపాటి తల్లులు బిడ్డలను మోకుతో కట్టనక్కరలేదు.

కథకులారా! తలుపులు బ్రద్దలు కొట్టు నాయకులను కొంతకాలము విశ్రమింపనిండు. లోపల మిగిలినవారిలో ఒకనిచేత కథ చెప్పింపుడు. వాని భ్రమ భ్రమగానే యుండనిండు; వాని మాట మాటగా వినబడనిండు.

గృహస్థులైన చదువరులారా! ఆసుపత్రి చేర్పు కాగితముపై సంతకము పెట్టు చేయి కథలోని విలనుది కాదు, తరచుగా మనదే. మన యింట ఒకరికి మతి చెదరినపుడు దాచవలదు, కట్టవలదు, ఆలస్యము చేయవలదు, వైద్యునియొద్దకు తీసికొనిపోవుడు. వైద్యుడు మీ వంక చూచి ప్రశ్న వేసినపుడు మీరొక్క పని చేయుడు. "వానినే యడుగుడు" అని రోగిని చూపుడు.